పాత ఇంజిన్‌లో ఆయిల్, కూలెంట్ తగ్గుతుంటే: ఇంజిన్ దించే ముందు చూడాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పదిహేడేళ్ల నాటి పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్. రాత్రి నిలిపిన చోట తెల్లారేసరికి ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే భాగం కింద నల్లటి మరక పడుతోంది. కూలెంట్ ట్యాంకులో మట్టం నెలకు అర లీటరు దాకా తగ్గుతోంది, కానీ కింద తడి మాత్రం కనబడట్లేదు. మెకానిక్ కింది నుంచి ఒకసారి టార్చి వేసి చూసి, క్రాంక్ వెనక సీలు (క్రాంక్ షాఫ్ట్ వెనక చివర ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు) పోయింది, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కూ, దాని పైనుండే హెడ్‌కూ మధ్య ప్యాకింగ్) కూడా పోయి ఉంటుంది, ఇంజిన్ దించాలి అన్నారు. దించాల్సిందేనా, అంతకుముందు చూసుకోగలిగింది ఏమైనా ఉందా అని మీ ప్రశ్న.

ఇప్పుడే దించనివ్వకండి. మెకానిక్ చెప్పింది తప్పని నేను అనడం లేదు, రెండూ నిజమే అయి ఉండొచ్చు. కానీ మీరు రాసిన లక్షణాల్లో ఆ రెండింటికీ రుజువు లేదు. బెల్ హౌసింగ్ (ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట క్లచ్‌ను కప్పే గూడు) కింద ఆయిల్ కనబడినంత మాత్రాన వెనక సీలు పోయిందని కాదు. కూలెంట్ తగ్గినంత మాత్రాన హెడ్ గ్యాస్కెట్ పోయిందని కాదు. రెండింటికీ ఇంతకంటే తేలికైనవి, ఎక్కువగా జరిగేవి కారణాలు చాలా ఉన్నాయి. పాత బండ్ల విషయంలో నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే. పైన గట్టిపడిపోయిన ఒక్క రబ్బరు ప్యాకింగ్ కోసం మంచి ఇంజిన్‌ను విప్పేస్తారు, లేదంటే విసిగిపోయి బండినే వదిలించుకుంటారు.

ముందు ఆయిల్ సంగతి చూద్దాం. పెంకుటింట్లో పైన ఎక్కడో పెంకు పగిలితే నీళ్లు దూలం వెంట జారి ఇంకెక్కడో మూల కారతాయి. ఇంజిన్ మీద ఆయిల్ కూడా అలాగే నడుస్తుంది. పైనుంచి కిందికి జారుతుంది, బండి కదులుతున్నప్పుడు గాలికి వెనక్కి వెళ్తుంది, ఫ్యాన్ గాలి దాన్ని పక్కలకు కూడా చల్లుతుంది. చివరికి అన్నిటికంటే కిందున్న అంచు దగ్గర చేరి బొట్టుగా పడుతుంది. చాలా బండ్లలో ఆ అంచు బెల్ హౌసింగ్ అడుగో, ఆయిల్ చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) వెనక మూలో అవుతుంది. అందుకే ఏ ఆయిల్ లీకైనా చూడగానే వెనక సీలు లీకులాగే కనబడుతుంది. మీరు వెతకాల్సింది బొట్టు పడే చోటును కాదు. తడిగా ఉన్న వాటిలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు వైపు ఉన్న చోటును వెతకాలి.

అంతకంటే ముందు, పడుతున్నది ఇంజిన్ ఆయిలేనా అన్నది తేల్చుకోండి. ఒక పెద్ద తెల్లటి అట్టముక్క రాత్రి బండి కింద పరచండి. అట్ట మీద ముందు చక్రాల స్థానం పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటే బొట్టు ఇంజిన్‌లో ఏ భాగం కింద పడిందో పొద్దున సరిగ్గా తెలుస్తుంది. గోధుమ రంగు నుంచి నలుపు దాకా ఉండి, వేళ్ల మధ్య జారుతూ ఉంటే అది ఇంజిన్ ఆయిల్. చిక్కగా ఉండి, గంధకం లాంటి ఘాటు వాసన వస్తే గేర్ ఆయిల్ కావచ్చు. ఇది మీకు ముఖ్యం. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు పోయినా బెల్ హౌసింగ్ అడుగునుంచే కారుతుంది. ఎరుపు రంగులో ఉంటే పవర్ స్టీరింగ్ ద్రవం వైపు చూడాలి. పల్చగా, లేత పసుపుగా ఉండి, పెయింట్ మీద పడితే పెయింట్‌ను తినేస్తుంటే అది బ్రేక్ లేదా క్లచ్ ద్రవం. అది దొరికితే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు దాని సంగతి చూడండి, బండి తీయకండి. ఏసీ వేసి ఆపిన తర్వాత పడే శుభ్రమైన నీటి గురించి మాత్రం కంగారు అక్కర్లేదు.

లీకు ఎంతుందో కూడా లెక్క వేసుకోండి. సుమారు 20 బొట్లు ఒక మిల్లీలీటరు. అట్ట మీద రాత్రికి పది బొట్లు పడితే నెలకు సుమారు 15 మిల్లీలీటర్లే. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీద కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా చాలా కార్లలో ఒక లీటరు దరిదాపుల్లో ఉంటుంది. మీ కారు పుస్తకంలో సరైన అంకె ఉంటుంది చూడండి. నెలకు అర లీటరు ఆయిల్ తగ్గుతూ, కింద మాత్రం నాలుగు బొట్లే పడుతుంటే రెండే దారులు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు, ఆయిల్ ఒత్తిడి ఉన్నప్పుడు మాత్రమే ఎక్కడో కారుతోంది, లేదా ఆయిల్ లోపలే కాలిపోతోంది. పొద్దున స్టార్ట్ చేసిన క్షణంలో సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లను అనుమానించాలి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా నీలిపొగ వస్తుంటే పిస్టన్ రింగులు. ఆ పరిస్థితుల్లో బయట ఎన్ని ప్యాకింగులు మార్చినా ఆయిల్ తగ్గడం ఆగదు. డిప్‌స్టిక్ ఎప్పుడూ ఒకే చదునైన చోట, ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగాక చూడండి. లేకపోతే ఈ లెక్క నిలవదు.

ఆ తర్వాత కడగాలి. ఈ పని చాలామంది దాటేస్తారు, నన్నడిగితే లీకు కనిపెట్టడంలో సగం పని ఇదే. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు, దుమ్ము కలిసి ఇంజిన్ మొత్తం ఒకే నల్లటి పూతలా ఉంటే అందులో ఏది పాతదో, ఏది నిన్నటిదో ఎవరూ చెప్పలేరు. చల్లారిన ఇంజిన్ మీద డీగ్రీజర్ చల్లి, బ్రష్‌తో రుద్ది, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగండి. ఆల్టర్నేటర్, కాయిళ్లు, ఫ్యూజ్ పెట్టె, ఎయిర్ ఫిల్టర్ నోరు ప్లాస్టిక్ కవర్లతో కప్పండి. ప్రెషర్ వాషర్ మాత్రం వద్దు. పాత వైర్ల కనెక్టర్లలోకి నీరు దూరితే కొత్త తలనొప్పి మొదలవుతుంది. బాగా ఆరాక పదిహేను ఇరవై నిమిషాలు నడిపి వచ్చి చూడండి. చూడటం కూడా పైనుంచే మొదలుపెట్టండి. ఏమీ కనబడకపోతే మళ్లీ నడపండి, మళ్లీ చూడండి. రోజుల తరబడి వదిలేస్తే ఆయిల్ మళ్లీ అంతా పాకి, కడిగిన ఫలితం పోతుంది.

అనుమానం ఉన్న అంచుల మీద టాల్కం పౌడర్ పల్చగా చల్లితే ఆయిల్ ఊరిన గీత స్పష్టంగా కనబడుతుంది. అంతకంటే నమ్మకమైనది యూవీ డై, అంటే అతినీలలోహిత (యూవీ) వెలుతురులో మెరిసే రంగు. ఆయిల్‌కు వేరు, కూలెంట్‌కు వేరు దొరుకుతుంది. ఆయిల్‌లో కలిపి కొంత నడిపాక, చీకట్లో యూవీ టార్చి వేసి, దాంతో ఇచ్చే పసుపు అద్దాలు పెట్టుకుని చూస్తే కారిన దారి మెరుస్తుంది. నెమ్మదిగా ఊరే లీకులకు దీన్ని మించింది లేదు. డై పోసేటప్పుడు బయట ఒలికితే ఆ మరకే మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది, వెంటనే తుడిచేయండి.

పాత పెట్రోల్ ఇంజిన్లలో మొదట చూడాల్సింది వాల్వ్ కవర్ ప్యాకింగ్, కొందరు ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ అంటారు. రబ్బరు ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి పెళుసుబారుతుంది, దాని స్ప్రింగు గుణం పోతుంది. ముఖ్యంగా గేర్‌బాక్స్ వైపు ఉన్న చివర వేలు పెట్టి తడిమి చూడండి. అక్కడ మన కన్ను ఆనదు, చిన్న అద్దం కావాలి. ఆ చివరి నుంచి కారిన ఆయిల్ హెడ్ వెనకగా జారి సరిగ్గా బెల్ హౌసింగ్ మీదికి దిగుతుంది. మీ లక్షణాలు చదవగానే నాకు మొదట తట్టింది ఇదే. బండి ఆపినప్పుడు కాలిన ఆయిల్ వాసన వస్తుంటే అనుమానం ఇంకా బలపడుతుంది, ఎందుకంటే కారినదాంట్లో కొంత ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడి కాలుతుంది. ప్లగ్గులు కవర్ మధ్యలోంచి దిగే ఇంజిన్ అయితే కాయిళ్లు తీసి ఆ గుంటల్లో చూడండి. అక్కడ ఆయిల్ నిలిచి ఉంటే ప్లగ్ ట్యూబు సీళ్లు కూడా పోయాయి. వాటిని కవర్ ప్యాకింగ్‌తో పాటే మార్చాలి. కొన్ని ఇంజిన్లలో ఆ సీళ్లు కవర్‌తో కలిసే వస్తాయి.

బోల్టులు ఇంకాస్త బిగిస్తే ఆగుతుందేమో అనిపిస్తుంది. ఆగదు. కవర్ బోల్టులకు చాలా వాటిలో 10 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లోనే బిగింపు ఉంటుంది. అంతకు మించితే కవర్ వంకరపోతుంది, లేదా అల్యూమినియం హెడ్‌లో మరలు తెగుతాయి. కొత్త ప్యాకింగ్ వేసేటప్పుడు రెండు వైపులా పాత మడ్డి పూర్తిగా తీసి, టైమింగ్ కవర్ హెడ్‌తో కలిసే మూలల్లో మాత్రం కంపెనీ చెప్పిన చోట కొద్దిగా సిలికాన్ పెట్టండి. ప్యాకింగ్ మొత్తం చుట్టూ సిలికాన్ పూస్తే అది లోపలికి కూడా పొంగి, ఆ ముక్కలు ఊడి ఆయిల్ పంపు జాలీలో చేరే ప్రమాదం ఉంది.

తర్వాత ఆయిల్ ప్రెషర్ స్విచ్. బ్లాక్ పక్కన మరతో బిగించి, ఒక వైరు తగిలించి ఉంటుంది. అది లోపల పగిలితే ఆయిల్ నేరుగా వైరు కనెక్టర్‌లోకి వస్తుంది. కనెక్టర్ పీకి చూడండి, లోపల జిడ్డుగా ఉంటే దొంగ దొరికినట్టే. ఇది బ్లాక్ వెనక భాగంలో ఉన్న ఇంజిన్లలో దీన్ని కూడా వెనక సీలు అనుకునే వాళ్లు ఎక్కువ. ఆయిల్ ఫిల్టర్ దగ్గర కూడా చూడండి. ఫిల్టర్ మార్చినప్పుడు పాత రబ్బరు రింగు బ్లాక్‌కే అతుక్కుని ఉండిపోయి దాని మీదే కొత్తది బిగిస్తే, ముందు ఊరినట్టుండి ఒక్కసారిగా ఆయిలంతా బయటికి తోసేస్తుంది. డ్రెయిన్ బోల్టు వాషర్, డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత ఇంజిన్లలో దాని ఓ-రింగ్, క్యామ్ షాఫ్ట్ (వాల్వులను తెరిచే షాఫ్ట్) చివర మూత, ఆయిల్ చాంబర్ ప్యాకింగ్ కూడా ఒక్కోటీ చూసుకుంటూ కిందికి రండి.

టైమింగ్ బెల్టు (క్రాంక్‌తో పాటు క్యామ్ షాఫ్ట్‌ను తిప్పే పళ్ల బెల్టు) ఉన్న ఇంజిన్ అయితే ముందు వైపు కవర్ కొంచెం తీసైనా లోపల చూడండి. క్యామ్ సీలు, క్రాంక్ ముందు సీలు కారితే ఆయిల్ బెల్టు మీద పడుతుంది. ఆయిల్ తిన్న బెల్టు ఉబ్బి, పళ్లు ఊడి తెగుతుంది. చాలా ఇంజిన్లలో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి వాల్వులు వంగిపోతాయి. బయట రెండు బొట్లు కూడా పడకపోయినా ఈ లీకును మాత్రం వాయిదా వేయకండి. సీళ్లతో పాటు బెల్టు కూడా మార్చాల్సిందే, తుడిచి మళ్లీ వేయడం పనికిరాదు.

ఇక, ఏ సీలు మార్చడానికైనా ముందు పీసీవీ వ్యవస్థను చూడాలని నేను గట్టిగా చెప్తాను. పిస్టన్ రింగుల పక్కనుంచి కొద్దిగా గ్యాసు ఎప్పుడూ కింది క్రాంక్‌కేసులోకి దిగుతుంది. దాన్ని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపడానికి పీసీవీ వాల్వు, ఒక పైపు ఉంటాయి. అవి మడ్డితో మూసుకుపోతే ఆ గ్యాసు లోపలే ఒత్తిడిగా నిలిచి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ ఆయిల్‌ను బయటికి నెడుతుంది. ఒకేసారి నాలుగైదు చోట్ల చెమ్మ కనబడితే నేను మొదట దీన్నే అనుమానిస్తాను. పరీక్ష సులువు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద పల్చటి కాగితం పెట్టండి. కాగితం కొద్దిగా లోపలికి లాగినట్టుంటే బాగున్నట్టు. పైకి ఎగిరిపడుతుంటే పీసీవీ మూసుకుపోయింది, లేదా రింగులు అరిగి గ్యాసు మరీ ఎక్కువగా దిగుతోంది. వాల్వు విడిగా వచ్చే రకమైతే చేతిలో ఊపి చూడండి, లోపల టకటకమనాలి. ఇది సరిచేయకుండా కొత్త సీళ్లు వేస్తే కొన్నాళ్లకే అవి కూడా కారతాయి. ఇది సరిచేస్తే కొన్నిసార్లు చెమ్మ దానంతట అదే తగ్గిపోతుంది.

ఇవన్నీ పొడిగా ఉండి, హెడ్ వెనక భాగం, బ్లాక్ వెనక పై భాగం కూడా పొడిగా ఉండి, ఆయిల్ బెల్ హౌసింగ్ లోపలి నుంచే వస్తుంటే అప్పుడు క్రాంక్ వెనక సీలు అని నమ్మొచ్చు. చాలా గేర్‌బాక్సులకు అడుగున చిన్న రంధ్రమో, రేకు మూతో ఉంటుంది. అది తీసి లోపల వేలు పెట్టి తుడిస్తే ఇంజిన్ ఆయిలా, గేర్ ఆయిలా తెలుస్తుంది. క్లచ్ జారడం, క్లచ్ కాలిన వాసన కూడా తోడైతే సందేహం తక్కువ. అప్పుడు కూడా చాలా కార్లలో గేర్‌బాక్స్ ఒక్కటి దించితే సీలు అందుతుంది, ఇంజిన్ మొత్తం దించనక్కర్లేదు. మీ కారుకు ఏది అవసరమో ముందే అడగండి.

ఇప్పుడు కూలెంట్. ముందుగా ఒక హెచ్చరిక. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత గానీ, ఒత్తిడి ఉండే ట్యాంకు మూత గానీ తెరవకండి. మూత చేసే పనే లోపల ఒత్తిడిని నిలబెట్టడం. సాధారణంగా 0.9 నుంచి 1.1 బార్ దాకా నిలుపుతుంది, కొన్ని కార్లలో ఇంకా ఎక్కువ. నీళ్లు, గ్లైకాల్ సగం సగం కలిసిన కూలెంట్ మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరిగితే, ఒక బార్ ఒత్తిడి మీద 129 డిగ్రీల దాకా మరగదు. మూత తెరిచిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి, ద్రవం ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. పైపు చేత్తో నొక్కితే మెత్తగా అయ్యేదాకా ఆగండి.

కింద తడి లేకుండా కూలెంట్ తగ్గితే హెడ్ గ్యాస్కెటే అనేది చాలామంది తొందరపడి చేసే నిర్ణయం. వేడి ఇంజిన్ మీద ఊరిన కూలెంట్ అక్కడికక్కడే ఆవిరైపోతుంది. నేలకు చేరదు, కానీ గుర్తు వదులుతుంది. ఆకుపచ్చ, గులాబీ, నారింజ, మీ కూలెంట్ ఏ రంగైతే ఆ రంగు ఎండిన పొరగానో, తెల్లటి పొట్టుగానో కనబడుతుంది. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు పోతే కూలెంట్ బేరింగులోకి పోకుండా బయటికి రావడానికే ఆ రంధ్రం పెట్టారు. దాని కింద రంగు చార ఉంటే పంపు మార్చే సమయం వచ్చింది. ఆ రంధ్రాన్ని మూయడం మాత్రం చేయకండి. రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే మడత అంచు, థర్మోస్టాట్ గూడు, పైపులు బిగించిన క్లిప్పుల కింద, కూలెంట్ ట్యాంకు అడుగున ఉండే అతుకు, ఇవన్నీ టార్చితో చూడండి. కొన్ని పైపులు ఇంజిన్ చల్లబడి రబ్బరు కుంచించుకున్నప్పుడే కారతాయి, వేడెక్కగానే ఆగిపోతాయి. అందుకే పొద్దున స్టార్ట్ చేయకముందు ఒకసారి చూడటం అవసరం.

బ్లాక్ పక్కల గుండ్రటి రేకు మూతలు ఉంటాయి, కోర్ ప్లగ్గులు అంటారు. ఏళ్ల తరబడి కూలెంట్ బదులు ఉత్త నీళ్లు పోసిన బండ్లలో ఇవి లోపలి నుంచి తుప్పు పట్టి చిల్లులు పడతాయి. మానిఫోల్డ్ వెనక ఉన్నవి ఒకపట్టాన కనబడవు. ఇక బండి లోపల: ముందు సీటు పక్క కాళ్ల దగ్గర తివాచీ కింద చేయి పెట్టి చూడండి. జిగటగా, తియ్యటి వాసనతో తడిగా ఉంటే, లేదా హీటర్ వేసినప్పుడు ముందు అద్దం మీద జిడ్డు పొగమంచు పడుతుంటే హీటర్ కోర్ (డ్యాష్‌బోర్డు వెనక, హీటర్‌కు వేడినిచ్చే చిన్న రేడియేటర్) కారుతోంది. బయట ఒక్క బొట్టు పడకుండా కూలెంట్ తగ్గే కారణాల్లో ఇది ముఖ్యమైనది, ఇంజిన్‌తో దీనికి సంబంధమే లేదు.

మూతను తేలిగ్గా తీసుకోకండి. స్ప్రింగు బలహీనపడినా, రబ్బరు చీలినా తక్కువ ఒత్తిడికే కూలెంట్‌ను బయటికి వదిలేస్తుంది. మూత మీద రాసిన ఒత్తిడి అంకె చూసి, సరిగ్గా అదే అంకె ఉన్న కొత్త మూత వేయండి. ఎక్కువ అంకె ఉన్నది వేస్తే పాత పైపుల మీద భారం పడుతుంది. మట్టం కూడా ఎప్పుడూ పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వేడికి వ్యాకోచించిన మట్టాన్నీ, చల్లటి మట్టాన్నీ పోల్చుకుని తగ్గిందనుకునే వాళ్లున్నారు. కొందరు గీత దాటేదాకా పోస్తారు, ఎక్కువైనది వేడెక్కగానే బయటికి పోతుంది, మళ్లీ పోస్తారు.

ఇవన్నీ చూసినా దొరక్కపోతే కూలింగ్ ప్రెషర్ టెస్టర్ పెట్టించండి. మూత స్థానంలో బిగించే చేతి పంపు, దానికో గేజి, అంతే. ఇంజిన్ చల్లగా ఉండగా మూత మీద రాసినంత ఒత్తిడి మాత్రమే ఎక్కించి, కనీసం పావుగంట గేజి ముల్లు కదలకుండా ఉందా అని చూడాలి. ముల్లు దిగుతుంటే ఎక్కడో కారుతోంది. ఇంజిన్ ఆగి ఉంటుంది, ఫ్యాన్ గాలి ఉండదు, ఆవిరి అవదు కాబట్టి కారే చోటు కళ్ల ముందే తడుస్తుంది. ముల్లు దిగుతూ ఉండి, బయట, లోపల ఎక్కడా తడి కనబడకపోతే, అప్పుడు మాత్రమే ఇంజిన్ లోపలికి పోతోందని ఆలోచించాలి. అలాంటప్పుడు ఒత్తిడి ఎక్కించి కొన్ని గంటలు వదిలేసి, ప్లగ్గులన్నీ తీసి, ఇంధనం, కరెంటు ఆపి, పక్కకు జరిగి స్టార్టర్ తిప్పిస్తే, నీళ్లు దిగిన సిలిండర్ ప్లగ్ రంధ్రంలోంచి చిమ్ముతుంది. ఎండోస్కోప్ కెమెరా ఉంటే ఇంకా మంచిది. మిగతా పిస్టన్లన్నీ మసితో నల్లగా ఉండి ఒక్కటి మాత్రం ఆవిరితో కడిగినట్టు మెరుస్తుంటే ఆ సిలిండరే.

హెడ్ గ్యాస్కెట్‌కు ఇంకో రెండు మంచి పరీక్షలున్నాయి. మొదటిదానికి పరికరం అక్కర్లేదు. రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద పొద్దున మూత తీసి, మిగిలిన ఒత్తిడి వదిలి, మళ్లీ బిగించి స్టార్ట్ చేయండి. ఒకటి రెండు నిమిషాల్లోనే, పైపు ఇంకా చల్లగా ఉండగానే రాయిలా గట్టిపడితే అది వేడివల్ల వచ్చిన ఒత్తిడి కాదు, సిలిండర్ గ్యాసు కూలెంట్‌లోకి దూరుతోంది. రెండోది రసాయన పరీక్ష. ట్యాంకు నోటి దగ్గరి గాలిని నీలిరంగు ద్రవం గుండా పీలుస్తారు. అందులో కాలిన గ్యాసు కార్బన్ డయాక్సైడ్ ఉంటే నీలం పసుపుగా మారుతుంది. కూలెంట్ మట్టం కొంచెం తగ్గించి చేయాలి. కూలెంటే పీల్చుకుంటే ఆ ద్రవం పాడై ఫలితం పనికిరాదు. రంగు మారితే దాదాపు ఖాయం. మారకపోతే గ్యాస్కెట్ నూటికి నూరు పాళ్లు బాగుందని కాదు, చిన్న లీకు దొరక్కపోవచ్చు. అప్పుడు కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తోందో), లీక్ డౌన్ (సిలిండర్‌లోకి ఎక్కించిన గాలి ఎంత జారిపోతోందో) పరీక్షలు తోడు చేసుకోవాలి.

ఆయిల్ పోసే మూత కింద లేత గోధుమ రంగు నురగ చూసి భయపడిపోకండి. రోజూ చిన్న చిన్న దూరాలే తిరిగే బండిలో, చల్లటి కాలంలో, లోపలి తేమ ఆవిరై పోలేక అక్కడ పేరుకుంటుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే ఒకసారి దూరం నడిపి వచ్చి మళ్లీ చూడండి. డిప్‌స్టిక్ మీద కూడా నురగే ఉంటే సంగతి వేరు. ఇంజిన్ ఆపేయండి, మళ్లీ స్టార్ట్ చేయకండి. కూలెంట్ కలిసిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు.

ఎటునుంచి ఎటు కలుస్తోందన్నది కూడా ఒక ఆధారమే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి కూలెంట్ ఒత్తిడి కంటే ఎక్కువ, కాబట్టి ఆయిల్ కూలెంట్‌లోకి పోతుంది. ఆపగానే ఆయిల్ ఒత్తిడి సున్నా అవుతుంది, వేడి కూలెంట్ ఒత్తిడి మాత్రం చాలాసేపు ఉంటుంది, అప్పుడు దారి తిరగబడుతుంది. కూలెంట్ ట్యాంకులో ఆయిల్ తేలుతూ, ఆయిల్ మాత్రం శుభ్రంగా ఉంటే, మీ ఇంజిన్‌కు ఆయిల్ కూలర్ ఉంటే, హెడ్ తీయకముందు దాన్ని పరీక్షించండి. ఆటోమేటిక్ గేర్ కార్లలో గేర్ ఆయిల్ చల్లబరిచే గొట్టం రేడియేటర్ లోపలే ఉంటే అది చిల్లుపడి కూడా ఇలా కలుస్తుంది. మీది మాన్యువల్ కాబట్టి ఆ బెంగ లేదు.

రేడియేటర్‌లో పోసే లీక్ స్టాప్ పొడులు, ద్రవాల విషయంలో నా అభిప్రాయం స్పష్టం: వద్దు. చిల్లును మూసే పదార్థమే హీటర్ కోర్ సన్నటి గొట్టాలనూ మూస్తుంది. నడిరోడ్డు మీద ఇల్లు చేరడానికి తప్ప వాడకండి. వాడితే తర్వాత వ్యవస్థ అంతా కడిగించాలి. గట్టిపడిన సీళ్లను మెత్తబరిచే ఆయిల్ మందులు కొన్నిసార్లు చెమ్మను తగ్గిస్తాయి, చిరిగిన సీలును బాగుచేయవు. తీసిన కూలెంట్‌ను నేల మీద, కాలువలో పారబోయకండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు నాకుతాయి, ఇథిలీన్ గ్లైకాల్ కొద్దిగా లోపలికి పోయినా ప్రాణాలు తీస్తుంది. మూత ఉన్న డబ్బాలో, పిల్లలకు అందకుండా పెట్టి, పాత ఆయిల్, రసాయనాలు తీసుకునే చోట ఇవ్వండి. ఇంకొకటి, బండి కిందికి దూరేటప్పుడు జాక్ ఒక్కదాన్నే నమ్మకండి. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టాకే దూరండి.

ఈ లోపు నడపొచ్చా అంటే: రోజుకు నాలుగు బొట్ల ఆయిల్, నెలకు అర లీటరు కూలెంట్ అయితే, వారానికి రెండుసార్లు మట్టాలు చూసుకుంటూ, అదే రకం కూలెంట్ పోసుకుంటూ పరీక్షలు అయ్యేదాకా నడుపుకోవచ్చు. ఉష్ణోగ్రత ముల్లు మామూలు చోటు దాటినా, ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగినా, ఆయిల్ ఎగ్జాస్ట్ మీద పడి పొగ వస్తున్నా, తెల్లటి తియ్యటి పొగ ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోయినా బండిని పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. చల్లటి పొద్దున మొదటి కొన్ని నిమిషాలు వచ్చే తెల్లటి ఆవిరి లెక్కలోకి రాదు.

మీ బండికి నేను చెప్పే వరుస: ముందు కూలెంట్ మూత, ప్రెషర్ టెస్ట్, తివాచీ కింద తడి. ఆ వెంటనే కడగడం, పీసీవీ కాగితం పరీక్ష, వాల్వ్ కవర్ వెనక అంచు, ప్రెషర్ స్విచ్ కనెక్టర్. ఈ పనులకు ఒక్క పెద్ద భాగం కూడా విప్పనక్కర్లేదు. ఇవన్నీ అయ్యాక కూడా వెనక సీలే తేలితే, గేర్‌బాక్స్ ఎలాగూ దిగుతుంది కాబట్టి క్లచ్ ప్లేటు మందం, రిలీజ్ బేరింగ్, ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు, సీలు బిగించే పలక ప్యాకింగ్ అప్పుడే చూడమనండి. క్రాంక్ మీద పాత సీలు పెదవి తిరిగిన చోట గోరుకు తగిలే గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా అక్కడే కారుతుంది. కంపెనీ అనుమతించిన చోట సీలును కొద్దిగా వేరే లోతులో కూర్చోబెట్టాలి, లేదా ఆ గాడి మీద సన్నటి రిపేర్ స్లీవ్ ఎక్కించాలి. గేర్‌బాక్స్ తిరిగి ఎక్కించకముందే ఈ సంగతి మెకానిక్‌తో మాట్లాడి పెట్టుకోండి.